ప్రదర్శనకు ముందు కోడి తురాయికి తగిలిన గాయములు

(వ్యవసాయాధికారి, కోటబొమ్మాళి)

గత వానకాలములో కోటబొమ్మాళికి సమీప గ్రామము నుండి ఒక పెద్దావిడ గంపలో పుంజును పెట్టుకొని మా కార్యాలయమునకు వచ్చినారు. ఎనిమిది దినములలో పశువుల, కోళ్ళ ప్రదర్శన ఉన్నది. పుంజు మంచిది. ఎత్తయిన కాళ్ళు, విశాలమైన రొమ్ము, డేగ రంగు ఈకలు. కాని దాని తల మీద నుండి కన్ను వరకు పసుపు, నూనె కలిపి దట్టముగా మెత్తియున్నది. "పక్కోల పుంజు పొడిసీసింది బాబూ. పసుపెట్టీసినాను. మరి పోటీకి అట్టుకెళ్ళొచ్చా?" అని ఆమె అడిగినారు.

"ముందు ఈ పసుపు కడిగి చూద్దామమ్మా" అన్నాను. ఆమెకు నా మాట నచ్చలేదు. మందు పెట్టించుకొనుటకు వచ్చినవారికి, పెట్టిన మందును కడిగివేయుదునన్నచో ఎట్లు నచ్చును? అయినను ఈ వ్యాసములో నేను చెప్పదలచినదానిలో ముఖ్యమైనది అదియే. తురాయి మీద గాయమును మొదట కడిగి, పట్టపగలు వెలుతురులో చూడవలెను. ఏమున్నదో తెలిసిన తరువాతనే మందు సంగతి. ఎందులకిట్లు పట్టుపట్టి చెప్పుచున్నానో ముందుకు పోయిన కొలది మీకే బోధపడును.

నేను వ్యవసాయ శాస్త్రము చదివినవాడను గాని పశువైద్యుడను గాను. ఇందులో చెప్పు చికిత్స చిన్న గాయములకు మాత్రమే. గీత, పైపై చీలిక, ముక్కుపోటు, తీగ గీసుకొన్నది, ఇంతవరకే. కన్ను దెబ్బతిన్నను, తురాయి మొదలంటా చీలి వ్రేలాడుచున్నను, పక్షి మేత ముట్టక మూల కూర్చున్నను పశువైద్యుని వద్దకే తీసికొనిపోవలెను.

తురాయి అనగా నేమి?

పల్లెలలో మనము కోడి జుట్టు అని పిలుచు ఎర్రని కండయే తురాయి. గడ్డము క్రింద వ్రేలాడు ఎర్రని తమ్మెలు కూడ ఇట్టివే. ఈ భాగములలో చర్మము పలుచన, లోపల సన్నని రక్తనాళములు మెండు. కోడికి చెమట పట్టదు. ఎండవేళ ఒంటి వేడిమిని బయటికి పంపుటకు నోరు తెరచి ఒగర్చును. తురాయికి, తమ్మెలకు రక్తమును ఎక్కువగా పంపును. కావుననే చిన్న గీత పడినను తురాయి నుండి రక్తము ధారగా కారును. చూచువారికి తల పగిలినట్లు తోచును. తుడిచి చూడగా గోరంత గాయమే ఉండును. కంగారు పడవలదు.

తురాయి పక్షి ఆరోగ్యమునకు అద్దము వంటిది. పెట్ట గ్రుడ్లకు వచ్చునప్పుడు దాని తురాయి పెరిగి ఎర్రబడును. గ్రుడ్లు మానినపుడు ముడుచుకొని పాలిపోవును. ఈ సంగతి మన ఇల్లాండ్రకు ఎవరును నేర్పనక్కర లేదు. పుంజు తురాయి పెరుగుట దాని వృషణముల నుండి రక్తములో కలియు పదార్థము వలన. 1849లో జర్మనీ దేశమునందు బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు పుంజు పిల్లల వృషణములు తీసివేయగా తురాయి కుంచించుకొనిపోయినది. తిరిగి వాటిని పొట్టలో అమర్చగా తురాయి మామూలుగా పెరిగినది. శరీరములోని గ్రంథుల పనిని తెలిసికొనుటకు మొదటి మెట్టు ఈ కోడి తురాయియే అనుట అతిశయోక్తి కాదు. బేట్‌సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1902లో, మెండెల్ బఠాణీ మొక్కలలో కనిపెట్టిన వారసత్వ సూత్రములు జంతువులకును వర్తించునని చూపినదియు కోళ్ళ తురాయిలతోనే.

తురాయిలన్నియు ఒకే తీరుగా ఉండవు. వైట్ లెగ్‌హార్న్‌ది ఒంటి తురాయి. రంపము వలె అయిదు మొనలతో నిలువుగా లేచియుండును. మన అసీల్‌ది బఠాణీ తురాయి. మూడు చిన్న వరుసలుగా తలకు అంటుకొనియుండును. అసీల్ అనగా అరబ్బీ భాషలో శుద్ధమైన మేలుజాతి అని అర్థము. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనా సంస్థ వారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్ళలో ఒంటి తురాయివే ఎక్కువ. ఈ భేదము చికిత్సలోను గుర్తుంచుకొనవలెను. ఒంటి తురాయి ఎత్తుగా ఉండుటచే గంప కప్పునకు, జాలీ తీగకు త్వరగా ఒరసికొనును. రక్తము హెచ్చుగా పోవును. బఠాణీ తురాయి అంతగా దెబ్బతినదు గాని, వరుసల నడుమ మట్టి, రెట్ట చేరి గాయము లోలోపల చీము పట్టుటకు వీలున్నది. దానిని కడుగుటలో మరింత ఓర్పు కావలెను.

కడిగి చూచినపుడు

పక్షిని పట్టుకొనుటకు చీకటిపడిన వేళ మంచిది. గూటిలో కునికిపాట్లు పడు పక్షిని మెల్లగా తీసి, రెక్కలు కదలకుండ తుండుగుడ్డలో చుట్టి, ఒకరు ఒడిలో పెట్టుకొనవలెను. కన్నులపై గుడ్డ కొంగు కప్పినచో అది శాంతించును. పగటి పూట గూడంతయు తిరిగి వెంటాడి పట్టినచో ఆరిన గాయము కూడ మరల చిట్లును. చీకటి వేళ పట్టిన పక్షిని ఆ రాత్రి వేరే గంపలో ఉంచి, తెల్లవారిన తరువాత వెలుతురులో గాయమును పరీక్షింపవలెను. రక్తము కారుచున్నచో మాత్రము తెల్లవారువరకు ఆగరాదు.

ఒక లీటరు నీటిని మరగించి, అందులో ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు తలకొట్టుగా వేసి కరగించి, గోరువెచ్చగా చల్లార్పవలెను. మన ప్రక్కన నౌపడ ఉప్పు కళ్ళములు ఉండగా ఇందుకు వేరే ఖర్చు లేదు. కల్లు ఉప్పయినచో శుభ్రమైనది తీసికొని, దంచి, నీరు మరగునప్పుడే వేసి, పిమ్మట గుడ్డలో వడియగట్టవలెను. ఈ నీటిలో దూది తడిపి, గాయముపై అద్ది పట్టి ఉంచినచో ఎండిన రక్తము, పసుపు, మట్టి నాని వదలును. గాయము నడుమ నుండి బయటకు తుడువవలెను. నీరు కంటిలోనికి, ముక్కు రంధ్రములలోనికి పోకూడదు. గట్టిపడిన పెచ్చును మాత్రము గోటితో లాగరాదు. తనంతట వదలినదే వదలనిండు.

ఆ పెద్దావిడ పుంజునకు ఇట్లు కడుగగా పసుపు క్రింద ఏటవాలుగా ఒకే ఒక చీలిక కనబడినది. అంచులు ఎర్రగా, శుభ్రముగా ఉన్నవి. ముక్కు మూలలు, కనురెప్పలు, తమ్మెలు, నోటి లోపల అంతయు పరీక్షించితిని. ఎక్కడను మరేమియు లేదు. పుంజు కళ్ళు మెరయుచున్నవి. చోళ్ళు వేయగా ఆబగా తిన్నది. అది నిజముగా ముక్కుపోటే.

అది మరొకటి కూడ అయి ఉండవచ్చును. కోళ్ళకు మశూచి రోగము వచ్చును. మనవారు అమ్మవారు పోసినదందురు. తురాయి పైన, తమ్మెల పైన, ముక్కు మూలలందు, కనురెప్పల మీద మొదట చిన్న చిన్న తెల్లని పొక్కులు లేచి, పసుపు రంగునకు తిరిగి, కొలది దినములకు పులిపిరుల వలె గరుకైన నల్లని పెచ్చులు కట్టును. ముక్కుపోటు ఉన్నట్లుండి ఒక పక్షికి, ఒక చోట, గీతగా కాని గుంటగా కాని పడును. మశూచి పొక్కులు నాలుగైదు చోట్ల, గుండ్రముగా, ఒకదాని తరువాత ఒకటి లేచును; మందలోని రెండవ పక్షికి, మూడవ పక్షికి ప్రాకును. నోటి లోపల పసుపు కలిసిన తెల్లని పొర కనబడినచో రోగము లోపలికి దిగినట్లే. అట్టి పక్షికి ఊపిరి తీసికొనుట కూడ కష్టమగును. ఈ రోగము దోమ కాటు వలనను, పుండు తగిలిన చోట నుండియు సోకును. రాలిన పెచ్చులలో రోగబీజము నెలల తరబడి చావక ఉండును. వానకాలములో మన పల్లెలలో దోమలకు కొరత లేదు గదా.

నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో ఒక ప్రదర్శనలో పక్షులను నమోదు చేయు బల్ల వద్ద కూర్చుంటిని. ఒకరు పుంజును తెచ్చినారు. దాని తురాయి నిండ పసుపు, నూనె. "పుంజులు కుమ్ముకొన్నవండి" అన్నారు. వెనుక పొడవైన వరుస ఉన్నది, ఎండ కాయుచున్నది. నేను ఆ పసుపు కడిగించి చూడక, చీటీ వ్రాసి ఇచ్చివేసితిని. ఆ పసుపు క్రింద ఉన్నది మశూచి పొక్కులు. రెండు వారములు గడవక ముందే, ప్రక్క గంపలో పెట్టలను ఉంచిన ఒక కుర్రవాడు వచ్చి తన పిల్లలన్నింటికి పొక్కులు లేచినవని చెప్పినాడు. వానిలో సగమునకు పైగా చనిపోయినవి. కళాశాల చదువు మానిన తరువాత అప్పు చేసి పెట్టుకొన్న చిన్న మంద అది. తెచ్చినవారు మోసము చేయదలచి పసుపు పూయలేదు. పోట్లాట గాయమనియే వారు నమ్మినారు. తప్పు చూడకపోవుటలో ఉన్నది. చూడవలసినవాడను నేను.

మశూచి అని అనుమానము తోచినచో ఆ పక్షిని ప్రదర్శనకు తీసికొనిపోవు ఆలోచన మానుకొనవలెను. వేరుగా, దోమ తెరలో ఉంచి, పశువైద్యునికి చూపవలెను. రాలిన పెచ్చులను ఊడ్చి కాల్చివేయవలెను. నోటిలో దిగనిచో పెద్ద పక్షి రెండు నుండి నాలుగు వారములలో కోలుకొనును. ఈ రోగమునకు టీకా ఉన్నది. రెక్కలోని పలుచని పొరను రెండు ముళ్ళ సూదితో పొడిచి వేయుదురు. వారము, పది దినములకు అచ్చట చిన్న పొక్కు లేచినచో టీకా పట్టినట్లు గుర్తు. టీకా వేయించినంతనే రక్షణ రాదు గనుక ప్రదర్శనకు కనీసము నాలుగు వారములు ముందుగా వేయింపవలెను. కొక్కెర రోగమునకును ఇదే విధముగా ముందుగా టీకా వేయించుట అవసరము.

మరికొన్ని గుర్తులను కూడ తెలిసికొని ఉండుట మేలు. తురాయిపై పిండి చల్లినట్లు తెల్లని పొడి మచ్చలు ఉన్నచో అది బూజు తెగులు. కంటి చుట్టు, తురాయి మొదట నల్లని చిన్న పురుగులు గుంపుగా అతుక్కొనియున్నచో అవి రక్తము పీల్చు పురుగులు. ఈ రెండును ముక్కుపోటు మందుతో పోవు. ఇక తురాయి వాచి నీలిరంగునకు తిరిగి, మందలో పక్షులు ఉన్నట్లుండి చనిపోవుచున్నచో, పక్షులను తాకవలదు, ఎక్కడికిని తరలింపవలదు. వెంటనే పశుసంవర్ధక శాఖ వారికి తెలియజేయవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని కోళ్ళు పోయినవో పత్రికలలో మీరు చూచియే యుందురు.

రక్తము ఆపుట, మందు వేయుట

రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డను మడచి గాయముపై ఒత్తి పట్టి, అయిదు నిమిషములు వదలక ఉంచవలెను. మనవారు అర నిమిషమునకొకసారి గుడ్డ తీసి చూచెదరు. అట్లు చూచుటచే గడ్డకట్టబోవు రక్తము మరల కారును. గడియారము చూచుకొని అయిదు నిమిషములు పట్టుడు. అప్పటికిని ఆగనిచో పటికను మెత్తగా పొడిచేసి, చిటికెడు గాయముపై అద్ది మరల ఒత్తవలెను. మంగలి పొదిలోని పటిక ముక్కను తెచ్చి నేరుగా రుద్దరాదు. ఒక పక్షికి రుద్దినదానిని మరొక పక్షికి రుద్దుటయు తగదు. పటిక లేనిచో మొక్కజొన్న పిండి అయినను పనిచేయును.

రక్తము ఆగిన పిమ్మట పొవిడోన్ అయొడిన్ ద్రావణమును మందుల దుకాణములో కొని, శుభ్రమైన నీటిలో పలుచని తేనీరు రంగు వచ్చువరకు కలిపి, దూదితో ఉదయము, సాయంత్రము అద్దవలెను. మూడు దినములు చాలును. నాటు టించరు వేయవలదు; అందులోని సారాయి పచ్చి కండను మండించి పక్షిని బాధించును. గాయము ఆరి పెచ్చు కట్టిన తరువాత వేసలిన్ గాని కొబ్బరినూనె గాని వ్రేలి కొనతో పలుచగా తాకింపవలెను. పెచ్చు మెత్తగా ఉండి పగలకుండుటకే ఇది. దట్టముగా రాసినచో దుమ్ము, తవుడు అంటుకొని పని చెడును.

పసుపు చెడ్డదని నేను చెప్పుట లేదు. మన అమ్మమ్మలు ఊరకే వాడలేదు. అయితే ఈనాడు అంగడి పొట్లములో వచ్చు పసుపులో ఏమి కలిపినదియు చెప్పలేము. రెండవది, పసుపు పూసిన తరువాత క్రింద చీము పట్టినదియు లేనిదియు కంటికి కనబడదు. మూడవది, ప్రదర్శనలో పసుపు మరకతో నిలిచిన తురాయిని చూచి న్యాయనిర్ణేత ఏదో దాచినట్లు తలచును. ఇంటి వద్ద మిగిలిపోవు పెట్టకు పసుపు వేసికొనుడు. ప్రదర్శనకు పోవు పుంజునకు వలదు.

ఇక కిరసనాయిలు, సున్నము, పొగాకు కాడ, బూడిద, బ్యాటరీ మసి వంటివి ఎవరు చెప్పినను వేయరాదు. ఇవి పుండును కాల్చును. కాలిన చోట తురాయి నల్లబడి మచ్చ శాశ్వతముగా నిలుచును. మనుష్యులకు వాడు నొప్పి తగ్గించు పూతలు పక్షులకు హాని చేయవచ్చును. ఊదారంగు మందు మరక వారముల తరబడి వదలదు. గ్రుడ్లకు, మాంసమునకు పెంచు పక్షికి దానిని వాడకుండుటయే మంచిది. పశువైద్యుడు చెప్పక సూది మందులు, బిళ్ళలు వేయవలదు. వేసినచో గ్రుడ్లు ఎన్ని దినములు తినరాదో కూడ వారినే అడిగి తెలిసికొనవలెను.

వానకాలములో మరొక బెడద ఈగలు. పచ్చి గాయముపై ఈగ వ్రాలి గ్రుడ్లు పెట్టినచో ఒకటి రెండు దినములకే పురుగు పట్టును. కావున గాయపడిన పక్షిని మొదటి మూడు నాలుగు దినములు దోమ తెర కప్పిన గంపలో, పొడి గడ్డి పరచి, పేడకుప్పకు దూరముగా ఉంచుడు. గాయము చుట్టునున్న ఈకలపై (గాయము మీద కాదు) వేపనూనె చుక్క రాసినచో ఈగలు కొంత దూరముగా ఉండును.

గాయమునకు కారణము గూటిలోనే ఉన్నది

మందు వేసి, మరల అదే గూటిలో తోసినచో ఫలము లేదు. ఎర్రని గాయము కనబడినచో తక్కిన కోళ్ళు అక్కడనే పొడుచును. ఇది పగ కాదు, వాటి స్వభావము. గాయపడినదానిని వేరు చేయవలెను గాని కంటికి కనబడనంత దూరముగా ఉంచరాదు. పది దినములు కనబడని పక్షి తిరిగి వచ్చినచో మంద దానిని క్రొత్తదిగా తలచి మరల కుమ్మును. జాలీకి అవతల, ఒకదానికొకటి కనబడునట్లు ఉంచుట మంచిది.

గూటి జాలీని చేతితో తడిమి చూడుడు. కోసిన తీగ మొనలు లోపలి వైపు పొడుచుకొని ఉన్నచో వాటిని బయటకు వంచవలెను. మేత తొట్టె కన్నములు ఇరుకైనచో తల దూర్చినప్పుడెల్ల తురాయి ఒరసికొనును. నేను చూచిన గాయములలో చాల వాటికి నిందపడిన "పక్కోల పుంజు" నిర్దోషి. దోషము ఇంటి జాలీదే. చోటు చాలక, మేత తొట్టె ఒక్కటే అయినచోట పోట్లాటలు హెచ్చు. ప్రదర్శనకు ఎన్నుకొన్న పుంజును నెల ముందుగానే తక్కిన పుంజుల నుండి వేరుచేయుట అన్నింటికంటె తేలిక చికిత్స.

సంతలో క్రొత్తగా కొన్న పక్షిని నేరుగా మందలో విడువరాదు. నారాయణవలస సంత మనకు దగ్గర. సంత నుండి పక్షి వచ్చినను, పక్షిని మోసిన గంప వచ్చినను రెండు వారములు వేరుగా ఉంచుట అలవరచుకొనవలెను.

ఎన్ని దినములు పట్టును?

పైపై గీత వారము పది దినములలో మాని పెచ్చు రాలిపోవును. లోతైన చీలికకు రెండు మూడు వారములు పట్టును. తెగిపోయిన మొన తిరిగి మొలవదు. కావున ప్రదర్శన తేదీ నుండి వెనుకకు లెక్క చూచుకొనవలెను. పది దినముల లోపల లోతైన గాయమైనచో ఈ ఏడు ఆ పక్షిని ఆపి మరొకదానిని పంపుట మేలు. మనసు ఒప్పదు, నిజమే. ఒక ఏడాది పెంచిన పుంజును చివరి వారములో ఆపుట నాకును కష్టమే.

పెచ్చు ఇంకను ఉన్నచో దానితోనే తీసికొనిపోవచ్చును. ప్రదర్శన ఉదయము అందము కొరకు పెచ్చు గిల్లినచో క్రింద పచ్చికండ బయటపడి, న్యాయనిర్ణేత ఎదుటనే రక్తము కారును. శుభ్రముగా ఆరిన చిన్న పెచ్చును అనుభవము గల న్యాయనిర్ణేత సాధారణముగా పెద్ద లోపముగా ఎంచరు. కుంకుమ, ఎర్రరంగు పూసి దాచుట మోసము క్రింద లెక్క. పట్టుబడినచో పక్షిని పోటీ నుండి తొలగింతురు. వంకరపోయిన తురాయిని కత్తిరించి సరిచేయుట, మొనలు కోయుట కూడ తగదు.

స్నానము చేయించువారు రెండు మూడు దినములు ముందుగా మెడ క్రింది భాగమునకే చేయించి, తలను తడి గుడ్డతో తుడిచిన చాలును. ప్రయాణపు గంప, పుంజు నిటారుగా నిలిచినప్పటి ఎత్తునకు నాలుగు వ్రేళ్ళు పైగా ఉండవలెను. పైన తీగ ఉన్నచో లోపలి వైపు గోనె కుట్టుడు. చాలమంది పుంజులు ఇంటి వద్ద క్షేమముగా ఉండి, బస్సు మీదనో ఆటోలోనో తురాయి చీల్చుకొని వచ్చును. దారిలో బెదరిన పక్షి తురాయి పాలిపోవును. నీరు పెట్టి, నీడలో ఒక గంట నిమ్మళముగా ఉంచినచో ఎరుపు తిరిగి వచ్చును. అప్పుడు వ్రేలికి కొబ్బరినూనె తడి చేసికొని ఒకసారి తురాయికి తాకించిన చాలును. ఎర్రని తురాయికి నెల దినముల ముందు నుండి మునగాకు, తోటకూర, చోళ్ళు, నూకలు, మంచినీరు చేసినంత మేలు ఏ పూతయు చేయదు.

ఇదంతయు పందెపు కోడికి పనికివచ్చునా అని నన్ను అడిగినవారున్నారు. పందెములకై పుంజులను కొట్లాడించుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము ప్రకారము నేరము. ఇంగ్లండులో 1835లో పందెములను నిషేధించిన పిమ్మట, పుంజులపై మక్కువ గలవారు వాటి అందమును, జాతి లక్షణములను ప్రదర్శనలలో పోటీపెట్టుటకు మళ్ళినారు. అమెరికాలోని బోస్టన్ నగరములో 1849లోనే పెద్ద కోళ్ళ ప్రదర్శన జరిగినది. ఇటీవల తమిళనాడులోని దిండిగల్ వైపు, మన రాష్ట్రములోను, చిలుకముక్కు, పొడవు తోక గల అసీల్ పుంజులను ఈ విధముగా అందమునకే పెంచి చూపుచున్నారు. మంచి పుంజుకు కత్తి కట్టకుండగనే గిరాకీ వచ్చుచున్నదని దీనివలన తెలియుచున్నది.

ఆ పెద్దావిడ పుంజు ఎనిమిది దినములలో పూర్తిగా మానలేదు. తురాయి మీద మినపగింజంత నల్లని పెచ్చు మిగిలినది. ఆమె పసుపు వేయక, రంగు పూయక, అట్లే తీసికొనివచ్చినారు. నమోదు బల్ల వద్ద పశువైద్యుడు దూదితో తడిపి పరీక్షించి, ముక్కుపోటేనని చీటీపై వ్రాసినారు. నేను ప్రక్కన నిలబడి ఉంటిని.

ప్రదర్శన నుండి తిరిగి తెచ్చిన పక్షిని ఆ రాత్రియే పాత గూటిలో కలుపరాదు. పలు ఊళ్ళ పక్షుల నడుమ ఉండి వచ్చినది గనుక రెండు వారములు వేరుగా ఉంచి, ప్రతి ఉదయము తురాయి, కనురెప్పలు, నోరు చూడుడు. దాని మేత, నీళ్ళ పాత్రలు వేరుగా ఉండవలెను. మేత వేయునప్పుడు మొదట ఇంటి మందకు వేసి, చివర దీని వద్దకు పోవలెను. గంపను ఎండలో ఆరవేయుడు, పరచిన గడ్డిని కాల్చివేయుడు. పొక్కు కనబడినచో మీ ఊరి రైతు సేవా కేంద్రములోని పశుసంవర్ధక సహాయకునికి చెప్పవచ్చును, లేదా 1962 నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వారు సమాధానము చెప్పుదురు.